ఫాల్కన్‌కి మూడో స్థానం

దుర్గారావు ఆ నివేదికలో ఒక్క అబద్ధం కూడా రాయలేదు. మూడు విమానాలు, పద్నాలుగు పేజీలు. ప్రతి అంకె పక్కనా అది ఎక్కడి నుంచి తీసుకున్నాడో కూడా ఉంది. అయినా శనివారం పొద్దున ప్రింటు తీసి చదువుకుంటుంటే, ఎవరిదో వస్తువు ఎత్తుకొచ్చి ఇంట్లో దాచుకున్నవాడిలా మాటిమాటికీ తలుపు వైపు చూశాడు.

రాయ్‌పూర్‌లో ఒక స్టీలు ఫ్యాక్టరీ సేఠ్ దగ్గర అతను పదకొండేళ్లుగా పైలట్. ఇప్పుడున్న ఎనిమిది సీట్ల జెట్టు ఢిల్లీకీ ముంబైకీ చాలు. ఈమధ్య సేఠ్ వ్యాపారం యూరప్ దాకా పాకింది. దారిలో ఎక్కడా దిగకుండా వెళ్లే పెద్ద క్యాబిన్ విమానం కావాలన్నాడు. "మూడూ నడిపి చూడు కెప్టెన్ సాబ్. నువ్వు ఏది చెబితే అదే కొంటాను," అన్నాడు. సోమవారం పదకొండింటికి ఆ మాట చెప్పాలి.

గల్ఫ్‌స్ట్రీమ్ జి550ని అతను మొదటి ఐదు నిమిషాల్లోనే సొంతం చేసుకున్నాడు. ఎదురుగా, స్టీరింగులా చేతికందే పాత పద్ధతి యోక్. మూడింట్లో అన్నిటికంటే దూరం పోయేది కూడా అదే. గ్లోబల్ 6000 మర్యాదస్తురాలు. మేఘాల్లో గతుకులొస్తే రెక్కలే వంగి చాలామటుకు మింగేస్తాయి, వెనక కూర్చున్నవాళ్ల దాకా రానివ్వవు.

ఇక ఫాల్కన్ 7ఎక్స్. దానికి మూడు ఇంజన్లు. రాయ్‌పూర్‌లో మే నెల ఎండకి గాలి పల్చబడినప్పుడు, నిండు బరువుతో లేస్తుండగా ఒక ఇంజన్ ఆగిపోతే, రెండేసి ఇంజన్లున్న మిగతా రెండు విమానాలకీ సగం బలం పోతుంది. దీనికి పోయేది మూడో వంతే. పైగా నెమ్మదిగా వచ్చి తక్కువ జాగాలో దిగుతుంది. సేఠ్ గనుల దగ్గరున్న రన్‌వే చిన్నదే. కానీ ఇందులో యోక్ ఉండదు. కుర్చీ పక్కన, ఎడమచేతి కింద, జానెడు పిడి ఉంటుంది. దాన్ని కాస్త వంచి వదిలేస్తే చాలు, విమానం ఆ దారి పట్టుకుని తనంతట తానే పోతుంది. చేతికి గాలి బరువు తెలియదు.

ఢిల్లీలో దాన్ని దింపుతున్నప్పుడు ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ అతని చెయ్యి ప్రతి చిన్న కదలికనీ దిద్దబోయింది. విమానం తల ఊపింది. దిద్దినదాన్ని మళ్లీ దిద్దాడు. పక్క సీట్లో ఉన్న విమాన కంపెనీ పైలట్, అతనికన్నా పదిహేనేళ్లు చిన్నవాడు, మెత్తగా "వదిలెయ్యండి సర్, తనే చూసుకుంటుంది" అన్నాడు. చక్రాలు నేలని చక్కగానే తాకాయి. కానీ వెనక చిన్న సీట్లో కూర్చున్న తన కో పైలట్ నవ్య ఆ క్షణాన ముఖం కిటికీ వైపు తిప్పేసుకోవడం ఎదురుగా ఉన్న గాజులో అతని కంట పడింది. తొమ్మిది రోజులుగా ఆ తిప్పుకున్న ముఖాన్నే అతను మోస్తున్నాడు.

నివేదికలో ఫాల్కన్‌ది మూడో స్థానం. మూడో ఇంజన్ వల్ల మరమ్మతు పని పెరుగుతుంది, నిజమే. మిగతా రెండింటి కంటే దూరం కాస్త తక్కువ, నిజమే. పైలట్లకు కొత్త శిక్షణ కావాలి, అదీ నిజమే. కానీ ఆ నిజాలను ఆ వరసలో నిలబెట్టింది వేరొకడు. భయం తన పేరు చెప్పుకుని తలుపు కొట్టదని దుర్గారావు ఎరుగును. కళ్లజోడు పెట్టుకుని, కాగితాలు చంకన పెట్టుకుని, పెద్దమనిషిలా వస్తుంది. యాభై మూడేళ్ల వయసులో పిల్లల మధ్య కూర్చుని కొత్త విమానం నేర్చుకోవాలి. నేర్చుకోలేకపోతే కెప్టెన్ కూర్చునే ఎడమవైపు సీటు పోతుంది. ఆ సీటు పోయాక మిగిలే దుర్గారావు ఎవరో అతనికి తెలియదు.

ఆదివారం పొద్దున రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీకి వెళ్లాడు. పుట్టి పెరిగిన కాలనీ, సగం మంది తెలుగువాళ్లే. చిన్ననాటి స్నేహితుడు పరదేశి అక్కడి వ్యాగన్ రిపేర్ షాపులోనే సీనియర్ టెక్నీషియన్. ఆదివారాలు ఇద్దరూ టీ దగ్గర కలుస్తారు.

"ఏట్రా కెప్టెన్ సాబ్, మొకం అలాగుంది? గాల్లో ఇంజన్ బంద్ అయిపోనాదా?"

"నీ షాపులో సంగతి చెప్పు ముందు."

"ఏటుంది, అదే గోల. నిన్న నలభై వ్యాగన్లు రెడీ చేసి పెట్టినాం. న్యూట్రల్ సాబ్ వచ్చి రెండు ఎనక్కి తోసీసినాడు. బ్రేకు సరిగ్గా లేదంట."

"ఉందా మరి?"

"లేదు," అని పరదేశి పకపకా నవ్వాడు. "నానే బిగించినాను. బానే ఉందనిపించింది నాకు. శనివారం కదేటి, ఇంటికి బేగి ఎల్లాలి. అలాటప్పుడు అన్నీ బానే కనపడతాయి."

వ్యాగన్ బాగుచేసినవాళ్లు దాన్ని పాస్ చెయ్యకూడదు. ఆ పనికి షాపుతో సంబంధం లేని న్యూట్రల్ ఎగ్జామినర్ ఒకాయన ఉంటాడు. ఆ షాపులోనే పనిచేసిన దుర్గారావు తండ్రి హయాం నుంచీ అదే పద్ధతి. చిన్నప్పుడు ఇంట్లో ఆ ఎగ్జామినర్‌ని తిట్టని భోజనం లేదు.

"ఆయనకి మీకన్నా ఎక్కువ తెలుసా?"

"తెల్దు. మాకన్నా తక్కువే తెలుసు. కానీ బండి పాసైనా ఫెయిలైనా ఆడింట్లో కూర ఉడుకుతాది. నాకలా కాదు కదా యార్. నానెంత మంచోడినైనా నా కన్ను నా ఏపే మొగ్గుతాది."

దుర్గారావు టీ గ్లాసు కింద పెట్టాడు. మొత్తం చెప్పాడు, ఢిల్లీ సంగతితో సహా.

పరదేశి అంతా విని, "అంటే బ్రేకు బిగించిందీ నువ్వే, పాస్ రాసిందీ నువ్వేనా? వా రే వా! రైల్వేలో అయితే ఈపాటికి సస్పెండు చేసీసుందురు," అన్నాడు.

దుర్గారావుకి నవ్వొచ్చింది. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి.

మధ్యాహ్నం నవ్యని ఇంటికి పిలిచాడు. ఆమెదీ రైల్వే కుటుంబమే, బిలాస్‌పూర్‌లో. అతని భార్య ఫణిశ్రీ పెసరట్లు వేసి పెట్టింది. దుర్గారావు నివేదిక నవ్య ముందుకి తోసి, "నా మాట పక్కన పెట్టు. నువ్వైతే ఏది మొదట రాస్తావు?" అని అడిగాడు.

"ఫాల్కన్, సార్." తడుముకోలేదు. తర్వాత అట్టు ముక్క చేతిలోనే పట్టుకుని ఆలోచించింది. "కానీ నా మాట కూడా నమ్మకండి. ఆ విమానం నడపొచ్చనే రేటింగ్ నా లైసెన్స్‌లో పడితే రేపు ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది. ఢిల్లీ నుంచి రాగానే ట్రైనింగ్‌కి విదేశం పంపిస్తారని మా అమ్మకి ఫోన్ కూడా చేసేశాను. ఆవిడ అప్పుడే స్వెటర్ కొనేసింది."

"అయితే మన సేఠ్‌కి న్యూట్రల్ మనిషే లేడన్నమాట."

"లేడు సార్."

అప్పుడు అతను అసలు ప్రశ్న అడిగాడు. "ఆ రోజు దిగేటప్పుడు ముఖం ఎందుకు తిప్పుకున్నావు?"

నవ్య ముఖం ఎర్రబడింది. "మీరు చూశారా? సార్, ప్లీజ్, ఎవరికీ చెప్పకండి. ఆ వెనక సీట్లో కూర్చుంటే నాకు కడుపులో తిప్పేస్తుంది. వాంతి అయిపోతుందేమోనని దూరంగా హొరైజన్ వైపు చూస్తూ కూర్చున్నాను. పైలట్‌ని అయ్యుండి, ఎవరితో చెప్పుకోను?"

"అంటే నా చెయ్యి నువ్వు చూడలేదా?"

"ఏ చెయ్యి సార్?"

వంటింట్లోంచి ఫణిశ్రీ తొంగి చూసింది. భర్త బల్ల మీద తల ఆనించి నవ్వుతున్నాడు, కళ్లలో నీళ్లొచ్చేలా. ఒక మనిషి కడుపులో వికారాన్ని తన జీవితం మీద తీర్పనుకుని ఇన్నాళ్లూ తిరిగాడు.

సాయంత్రం లోపు ఇద్దరూ కూర్చుని నివేదికకి ముందు ఒక కొత్త పేజీ చేర్చారు. అందులో ఉన్నది ఇంతే: దుర్గారావుకి ఫాల్కన్ నడపాలంటే భయం, అందుకే దాన్ని మూడో స్థానంలో పెట్టాడు. నవ్యకి ఆ రేటింగ్ మీద ఆశ, అందుకే మొదట పెడుతోంది. ఇవి తెలుసుకుని మిగతాది చదవగలరు. కింద రెండు సంతకాలు.

సోమవారం ఊరి చివర టాటీబంధ్ అవతలి ఆఫీసులో సేఠ్ ఆ పేజీని రెండుసార్లు చదివాడు. ఇప్పుడు పొమ్మంటే దుర్గారావు పోవాలి, అంతే. విచిత్రం, ఆ ఊహ అతను భయపడినంత పెద్దగా లేదు.

"ఇలా రాయమని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు."

"నా బల్ల మీదకొచ్చే ప్రతి కాగితానికీ ఈ పేజీ ఉండాలి. ఎవడూ పెట్టడు." సేఠ్ కళ్లజోడు తీశాడు. "ఫాల్కన్‌ని నువ్వు నేర్చుకోగలవా?"

"తెలియదు," అన్నాడు దుర్గారావు. పదకొండేళ్లలో ఆ గదిలో ఆ మాట అతని నోట రాలేదు.

"తెలియడానికి ఎన్నాళ్లు?"

"సిమ్యులేటర్‌లో వారం చాలు."

"వెళ్లి చూసుకో. కుదిరితే ఫాల్కన్ కొంటాను. కుదరకపోతే గల్ఫ్‌స్ట్రీమ్ కొని, గనికి జీపులో పోతాను. నువ్వు భయపడుతూ నడిపే విమానంలో మాత్రం నేను కూర్చోను భాయ్. నాక్కూడా పిల్లలున్నారు."

బయటికొచ్చి కారెక్కాడు. టాటీబంధ్ చౌక్ దగ్గర లారీలు అడ్డదిడ్డంగా ఆగిపోయి ఉన్నాయి, నాలుగు వైపులా హారన్లు. ఫణిశ్రీకి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు.

"వారం తర్వాత నావల్ల కాదని తేలితే?" అన్నాడు.

"తేలితే తేలింది. ఇంటికొస్తారు. ఇంకెక్కడికెళ్తారు?" అంది. "వచ్చేటప్పుడు కొత్తిమీర తీసుకురండి."

ముందున్న లారీ కదల్లేదు. అతను ఇంజన్ ఆపి, అద్దం దించి, సీటు కాస్త వెనక్కి వాల్చుకున్నాడు.