ఎవరి గిన్నె వాళ్లదే

పేరమ్మ మొదటి గిన్నె మూత తీసి వాసన చూసింది. నిన్నటి చారన్నం. రెండోదాంట్లో మజ్జిగన్నం, అంచున ఉప్పుగల్లు. మూడోదాంట్లో ముద్దపప్పు కలిపిన వరిగన్నం. అంటే ఆ ఇంట్లో మగవాడు ఊరికి పోయాడన్నమాట, లేకపోతే పప్పు పిల్లదాకా రాదు. మూతలు తీస్తూ, పెడుతూ తనలో తను నవ్వుకుంది. ఊళ్లో సంగతులు కరణానికి దస్త్రాలు తిరగేస్తేగాని తెలియవు. పేరమ్మకు మూత తీస్తే చాలు.

వెంకటనారాయణగారి మిరప కల్లం అంచున చిన్న తాటాకు పందిరి. దాని కింద ఆరుగురు పిల్లలు. ఇద్దరు చీర ఉయ్యాలల్లో, తక్కినవాళ్లు గోనెపట్టాల మీద. తల్లులంతా చేలో కాయ కోస్తున్నారు. పొద్దుటినుంచి పండుమిరప కోసిన చేతులు మధ్యాహ్నానికి నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. ఆముదం రాసినా, మజ్జిగలో ముంచినా ఆ ఘాటు పోదు. ఆ చేత్తో ముద్ద పెడితే పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంది. ప్రతి తల్లీ ఒక్కసారైనా చేసిన తప్పే అది. అందుకే కోతల రోజుల్లో పిల్లలందరికీ తినిపించేది పేరమ్మ. కల్లం మొత్తానికి కాయ ముట్టని చెయ్యి ఆమెదొక్కటే.

అరవై దాటిన మనిషి. సన్నగా, నల్లగా, తుమ్మకర్రలా గట్టిగా ఉంటుంది. ఎడమకంటికి పొర కమ్మింది. వేళ్లు మాత్రం మెత్తన. పిల్లల నోట్లో గీసుకోకుండా గోళ్లు మొదలంటా తీసేసి ఉంటాయి. ఆమెకున్న జబ్బల్లా ఒకటే, అడగడం. “రాత్రేం కూరే? ముందెవరు తిన్నారు? నీకేం మిగిలింది?” బావి దగ్గర కనిపించిన ఏ ఆడదాన్నీ వదలదు. పేరమ్మకు ఆకలి కడుపులో కాదు, కళ్లల్లో ఉందని వెనక నవ్వుకుంటారు. నవ్వుకోనీ అనుకుంటుంది.

ఇరవై ఏళ్లు అడిగి అడిగి ఆమె కనిపెట్టిన సంగతి ఒకటుంది. ఒకే చేలో కోసే ఇద్దరు తల్లుల పిల్లల్లో ఒకడు గుండ్రాయిలా ఎందుకుంటాడు, ఇంకొకతె రోజురోజుకీ ఎందుకు కరిగిపోతుంది? దిష్టి అంటారు, గ్రహచారం అంటారు. పేరమ్మ చూసింది వేరు. ముందు మగవాళ్లు తింటారు, తర్వాత ముసలివాళ్లు, ఆఖరున కోడలు. అప్పటికి మిగిలేది చారునీళ్లూ, గోంగూర పచ్చడీ. పచ్చడి పిల్ల తినలేదు కాబట్టి చారునీళ్లు పిల్లకు.

ఈ సంగతి తన కొడుకున్నప్పుడు తెలిస్తే ఎంత బాగుండేది! వాడికి పదో నెల నడుస్తుండగా ఆమెకు మళ్లీ నెల తప్పింది. కడుపుతో ఉన్నదాని పాలు విషం అంది అత్త. పేరమ్మ రొమ్ముకు వేపాకు నూరి రాసుకుని పాలు మాన్పించింది. గంజి పోసింది. నాలుగు నెలల్లో వాడు పుల్లయిపోయి పోయాడు. తర్వాత పుట్టింది పురిట్లోనే పోయింది. ఆ తర్వాత మొగుడూ పోయాడు. కొడుకును చంపుకున్నది తనేనని పేరమ్మ ఎవరితోనూ అనలేదు. అనుకోని రోజు మాత్రం లేదు.

ఇప్పుడు గోనెపట్టా మీద కోటేశ్వరి ఉంది. ఏడాదిన్నర పిల్ల. బుర్ర పెద్దగా, కాళ్లు పుల్లల్లా, జుట్టు ఎర్రబారి ఉంది. తల్లి రాఘవమ్మకు ఇప్పుడు ఆరో నెల. పాలు ఎప్పుడో మానేసింది. మూడు రోజులుగా పిల్ల ఏడవడం లేదు. ఈగ కంటిమీద వాలినా చెయ్యెత్తదు. ఏడ్చే పిల్లను చూసి పేరమ్మ ఏనాడూ కంగారుపడలేదు. ఏడవని ఈ పిల్లకు మాత్రం మాటిమాటికీ ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూస్తోంది.

పొద్దున పిల్లను దించుతున్నప్పుడే రాఘవమ్మను అడిగింది.

“నువ్వేం తిన్నావే?”

“తిన్నాలే పెద్దమ్మా.”

“ఎంత?”

“సగం కడుపుకే తినమంది అత్త. లోపల బిడ్డ పెరిగితే కానుపు కష్టమంట.”

అత్త అంటే పున్నమ్మ. కోత ముఠాకు పెద్ద. ఎవరిని పనిలోకి పిలవాలో, ఎవరిని వద్దనాలో ఆమె ఇష్టం. పందిరి కింద ఒక కట్టడి పెట్టిందీ ఆమే, ఎవరి గిన్నె వాళ్లదే అని. ఒకరింటి కూడు ఇంకొకరి పిల్లకు పెడితే మందు పెట్టారనో, కులం చెడిందనో గొడవలొస్తాయని. పేరమ్మ ఇంటి మెతుకయితే అసలు పనికిరాదు, బిడ్డలు దక్కని మనిషి ఇల్లది. చెయ్యి పనికొచ్చింది, ఇల్లు పనికిరాలేదు. ఈ తిరకాసు ఏమిటో పేరమ్మకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

నాలుగో గిన్నె నసీమున్నీసాది. ఆమె మొగుడు బుడాన్ దూది ఏకుతాడు. ఇంట్లో నాలుగు కోళ్లున్నాయి. పాలిచ్చే మనిషి ముందు తినాలని వాళ్ల అత్త ఆమెకే మొదట వడ్డిస్తుందట. పేరమ్మ అది విని ఆశ్చర్యపోయి, నిజమా అని మూడుసార్లు అడిగింది. ఇవాళ గిన్నెలో అన్నం మీద రెండు ఉడికించిన గుడ్లు, పెంకుతోనే ఉన్నాయి.

“మావాడికొకటి చాలు పెద్దమ్మా. రెండోది నీ ఇష్టం,” అని పొద్దున గిన్నె ఇచ్చేటప్పుడే కోటేశ్వరి వంక చూసి వెళ్లిపోయింది నసీమున్నీసా.

పేరమ్మ గుడ్డును అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. అన్నమయితే వండిన చెయ్యి అంటుకుంటుంది. కూరయితే గరిటె అంటుకుంటుంది. దీనికి పెంకుంది. లోపలిదాన్ని తురకలూ ముట్టలేదు, కమ్మవాళ్లూ ముట్టలేదు. పున్నమ్మ కట్టడి గిన్నెలకేగాని గుడ్లకు కాదుగదా! తన వాదం తనకే ముద్దొచ్చింది. పందిరి గుంజకేసి టక్కున కొట్టి పెంకు ఒలిచింది.

పచ్చసొనను గోరువెచ్చని నీళ్లతో మెదిపి వేలికొసతో పెదవికి రాసింది. పిల్ల ముందు కదల్లేదు. రెండోసారికి నాలుక బయటికొచ్చింది. మూడోసారికి వేలు వదల్లేదు. సగం సొన అయ్యేసరికి పేరమ్మ ఒళ్లంతా తేలికైపోయింది.

అప్పుడే రాఘవమ్మ తక్కినవాళ్లకంటే ముందు చేలోంచి వచ్చింది. పిల్ల మూతి చుట్టూ పచ్చగా కనిపించింది.

“ఎవరింటిది పెద్దమ్మా?”

“కోడిది.”

రాఘవమ్మకు నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. వెనక గట్టు మీద అత్త వస్తోంది. ఏం చేస్తోందో ఆలోచించకుండా పైటచెంగుతో పిల్ల మూతి తుడిచింది. పొద్దుటినుంచి కాయలు మోసిన చెంగది.

పిల్ల గుక్కపట్టింది. తర్వాత కల్లం అదిరిపోయేలా కేకపెట్టింది. పేరమ్మ పరుగున మజ్జిగ తెచ్చి మూతి కడుగుతూనే ఉంది, లోలోపల మాత్రం పొంగిపోతోంది. ఏడ్చింది! ఇంత గొంతు ఇంకా మిగిలే ఉంది దీనికి!

పున్నమ్మ వచ్చేసరికి పిల్ల గడ్డం కింద సొన, నేలమీద పెంకులు.

“ఎవరు పెట్టారే ఇది?”

రాఘవమ్మ నోరు తెరవబోయింది. పేరమ్మ ఆమెను మాట్లాడనివ్వలేదు.

“నేనే పెట్టా వదినా. దీనికి తెలియదు.”

“నీ పిల్లల్ని మింగింది చాలక మా పిల్లమీద పడ్డావా? లే. రేపట్నించి కల్లంలో కాలుపెట్టొద్దు.”

ఆ మాట పేరమ్మకు గుండెల్లో దిగింది. కొంగు దులుపుకుని లేచింది. వెళ్లేముందు మాత్రం రాఘవమ్మ దగ్గర ఆగింది.

“చూశావుగా, ఎంత గట్టిగా ఏడ్చిందో. నువ్వు కడుపునిండా తిను. దానికీ పెట్టు.”

గట్టుదిగి డొంకదారి పట్టింది. సాగర్ కాలవ వస్తుందని పాతిపోయిన కొలతరాళ్ల పక్కనుంచి నడుస్తూ తుమ్మల మలుపులో మరుగైపోయింది. ఆ తర్వాత కోతలకు ఆమె మళ్లీ రాలేదు. అద్దంకి అవతల చెల్లెలింటికి పోయిందన్నారు.

ఆ మధ్యాహ్నం ఆమె కూర్చున్నచోట, పందిరి గుంజ వెనక, ఒక సొట్ట సత్తుగిన్నె ఉండిపోయింది. అందరి గిన్నెలూ చూసిన మనిషి ఏం తింటుందో ఇన్నేళ్లలో ఒక్కరూ చూడలేదు. రాఘవమ్మ మూత తీసింది. కందిపప్పు వేసి మెత్తగా పిసికిన అన్నం. మిరపకాయ లేనిదే ముద్ద దిగని ఊళ్లో, అందులో కారం రవ్వంత కూడా లేదు. అది పెద్దవాళ్లు తినే తిండి కాదు. ఎన్ని రోజులుగా పెట్టలేక ఇంటికి తిరిగి తీసుకుపోయిందో!

అన్నానికి రమ్మని పున్నమ్మ అవతలనుంచి రెండుసార్లు పిలిచింది. రాఘవమ్మ లేవలేదు. తన చేతులవంక చూసుకుంది, అవి పనికిరావు. గిన్నెను పిల్ల ముందుకు జరిపి, చేతులు వెనక్కి కట్టుకుని కూర్చుంది. కోటేశ్వరి కాసేపు చూసి, చెయ్యి పెట్టింది.

పొద్దు వాలాక కూడా ఆ సొట్టగిన్నె పందిరి కింద అలాగే ఉంది, అడుగునంతా చిన్నచిన్న వేళ్ల గీతలతో.