భుజం మీది ఆకుపచ్చ

గోడలకు రంగులు వేసే పెయింటర్ పని నుంచి వస్తూనే, చొక్కా అయినా మార్చకుండా చంటికొడుకును భుజాన వేసుకున్నాడు. వాడు తాగిన పాలు కాస్త కక్కాడు. తీరా చూస్తే భుజమంతా ఆకుపచ్చ. తండ్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఆకుపచ్చగా కక్కితే క్షణం ఆగొద్దని పురిటప్పుడు నర్సు చెప్పిన మాట గుర్తొచ్చి, పెళ్లాన్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

డాక్టరమ్మ పిల్లవాడి పొట్ట నొక్కి చూసింది, నోరు చూసింది, ఆనక తండ్రి భుజం వాసన చూసింది.

"ఇవాళ ఏ గోడకు రంగేశావయ్యా?"

"బడి గోడకండీ. ఆకుపచ్చ..." అతను తల తిప్పి తన భుజం చూసుకున్నాడు.

"పొద్దస్తమానం పూసిన రంగు పోల్చుకోలేకపోయావా?" అంది పెళ్లాం.

"తిట్టకమ్మా. నిజంగానే ఆకుపచ్చగా కక్కినా, నెత్తురు పడినా, బిడ్డ తోటకూర కాడలా వేలాడిపోయినా ఇలాగే పరుగెత్తుకు రావాలి. వీడు హుషారుగా ఉన్నాడు, ఇది ఉత్త పాలకక్కు," అంటూ డాక్టరమ్మ వాణ్ణి ఎత్తుకుంది. వాడు ఆవిడ తెల్లకోటు మీద మళ్లీ కక్కాడు.

పెయింటర్ వంగి పరీక్షగా చూశాడు.

"తెలుపేనండీ. కానీ మీ కోటూ తెలుపే కదా, నమ్మొచ్చంటారా?"