గద్దల్ని పిలిచిన డబ్బా

వలల్లో ఇరుక్కున్న చిల్లర చేపను ఒడ్డుకు రాకముందే నీళ్లలోకి దులిపెయ్యాలి. తలకాయలూ పేగులూ గోతిలో వేసి పైన ఇసక కప్పాలి. ఎండేసిన నెత్తళ్ల చేపల మీద నీలం వలలు పరిచి, అంచులకు రాళ్లు పెట్టాలి. కుక్కల్ని పాకల్లో కట్టెయ్యాలి. గద్దల వాటా ఊళ్లో వెయ్యకుండా మొగలి దిబ్బ దాకా మోసుకెళ్లి అక్కడ వెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, విమానం దిగేదాకా డబ్బా కొట్టకూడదు.

మొగలిపాలెంలో విమానం తొలిసారి దిగే రోజున చెయ్యాల్సిన పనులివి. వీటిని ఎవరూ ఎక్కడా రాసుకోలేదు. ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని, మళ్లీ చెప్పుకుని, మరిచిపోయినవాళ్లను తిట్టి మరీ గుర్తు చేసుకున్నారు. డబ్బా కొట్టకూడదన్న ఆ చివరి మాట నా గురించే. నేను ఒక నూనె డబ్బాను.

నా పుట్టుకలో గొప్పేమీ లేదు. తళతళలాడే రేకును నలుచదరంగా మడిచి, అంచులు అతికి, పామాయిలు పోసి, మూతికి సీలు వేసి లారీ ఎక్కించారు. నా ఒంటి మీద నవ్వుతున్న ఒకావిడ బొమ్మ ఉండేది. ఆవిడ ఎందుకు నవ్వుతోందో నాకు ఇప్పటికీ తెలియదు. నూనె ధర విన్నవాళ్లెవరూ అలా నవ్వగా నేను చూడలేదు.

లారీ నన్ను దించింది రోడ్డు మలుపులో ఉన్న సన్యాసిరావు హోటలు ముందు. బోర్డు మీద 'ఎయిర్‌పోర్టు టిఫిన్స్' అని ఉంది. అప్పటికి ఎయిర్‌పోర్టు లేదు. ఎర్రమట్టి కుప్పలూ, వాటి మీద రాత్రీపగలూ మూలిగే పొక్లెయినర్లూ ఉన్నాయంతే. మనుషులు బిడ్డ పుట్టకుండా పేరు పెట్టరు గానీ, విమానం రాకుండానే హోటళ్లకు పేర్లు పెట్టేస్తారు.

అయినా సన్యాసిరావును తప్పు పట్టలేం. మట్టి తోలే డ్రైవర్లూ, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కూలీలూ, తెల్ల టోపీల ఇంజనీర్లూ పొద్దున్నే ఆయన బల్లల మీదే వాలేవారు. అంతకు ముందు ఇడ్లీ మిగిలిపోయిందని ఏడ్చినవాడు, ఇప్పుడు పిండి చాలలేదని కేకలేసేవాడు. పశువుల పాకకు సున్నం కొట్టి గదని అద్దెకిచ్చినవాళ్లు ఆ వీధిలోనే ఉన్నారు. జీడితోట అమ్మిన ఒక రైతు కారు కొన్నాడు. ఆ కారులోనే వచ్చి, తన తోట ఉండే వైపు నుంచి వస్తున్న లారీలను చూస్తూ ఇడ్లీ తిని వెళ్లేవాడు. ఆయన ముఖంలో ఉన్నది లాభమో నష్టమో నాకు అంతుపట్టలేదు. ఆయనకూ పట్టినట్టు లేదు.

నాలో నూనె అయిపోయాక నన్ను పెరట్లో పడేశారు. హోటలుకు ఎండుచేపలు తెచ్చే సూరాడ కొర్లమ్మ కన్ను నా మీద పడింది.

"ఆ డబ్బా ఇచ్చీ బాబూ, ఉప్పు పోసుకుంతాను."

"రేపు నెత్తళ్లు ఓ గుప్పెడు ఎక్కువెయ్యి, పట్టుకుపో."

నా రెండో పెళ్లి అలా జరిగింది.

మొగలిపాలెం సముద్రం ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మగవాళ్లు వేటకు పోతారు, ఆడవాళ్లు వచ్చిన చేపను ఉప్పు రాసి ఇసకలో ఎండేస్తారు. ఆ ఇసకే వాళ్ల పొలం. అక్కడందరికన్నా పెద్దది కొర్లమ్మ. చేప పరిచే ముందు మొదటి దోసిలి గద్దలకు వెయ్యడం ఆమె అత్త నేర్పిన ఆనవాయితీ. వాటి ముద్ద వాటికి ముందే పడేస్తే మన ముద్ద జోలికి రావని నమ్మకం. దాన్నే గద్దల వాటా అనేవారు. ఊరి వాటా అంతా నాలో పోసి, ఇసక చివరికి మోసుకెళ్లి, కర్రతో నా పక్కలు వాయించేది కొర్లమ్మ. చప్పుడు విని గద్దలన్నీ ఒక్కచోటికి దిగేవి. కొన్నాళ్లకు నా గొంతు వాటికి అలవాటైపోయింది. సన్యాసిరావు హోటల్లో బల్ల బాదినా సర్వరు వెంటనే వచ్చేవాడు కాదు. గద్దలు మాత్రం ఎప్పుడూ ఆలస్యం చెయ్యలేదు.

ఈలోగా ఊరి వెనక గోడ లేచింది. గోడ వెనక రన్‌వే పరిచారు. కొర్లమ్మ కూతురు నీలవేణికి టెర్మినల్లో హౌస్‌కీపింగు పని దొరికింది. విమానాలు మొదలైతే పని పర్మనెంటు చేస్తామన్నారు. ఇంటరు చదివిన పిల్ల, నీలం చీర యూనిఫారం కట్టుకుని వెళ్తుంటే కొర్లమ్మ పాక గుమ్మంలో నిలబడి మలుపు తిరిగేదాకా చూసేది. ఎదురుగా మాత్రం ఎప్పుడూ మెచ్చుకోలేదు.

"చీరకి ఎండుసేపల వాసనొస్తందంట. సూపరైజరమ్మ ముక్కు మూసుకుందే అమ్మా."

"ఆ వాసనే నిన్ను ఇంటరు సదివించింది. అప్పుడు మూసుకోలేదు నీ ముక్కు."

ఆ పాకలో ఒకే పొయ్యి మీద రెండు కూడులు. ఒకటి సముద్రం పెట్టేది, రెండోది విమానం పెట్టబోయేది. రెండూ ఉడుకుతాయనే అందరం అనుకున్నాం.

అప్పుడు అసిరినాయుడు గారు వచ్చారు. ఎయిర్‌పోర్టులో పక్షుల సంగతి చూసే ఆఫీసరు ఆయన. మెడలో దుర్భిణి, కాళ్లకు బూట్లు. బూట్లలో ఇసక పోతున్నా లెక్కచెయ్యకుండా ఎండేసిన చేపల మధ్యదాకా నడిచి వచ్చారు.

"అమ్మా, ఇంజనులోకి ఒక్క గద్ద పోయినా చాలు. లోపల కూర్చున్న జనం గురించి ఆలోచించండి."

"మా గురించి ఎవులు ఆలోసిస్తారు బాబూ?"

"అందుకే ఆర్డరు పంపకుండా నేనే వచ్చాను."

ఆయన చెప్పింది ఇది. ముందు ఒక పరీక్ష విమానం వస్తుంది. దాంతోపాటు పైనుంచి పెద్ద ఆఫీసర్లు వస్తారు. ఆ రోజు ఈ ఇసక మీద పక్షులు లేకపోతే, వలలు కప్పుకుని ఇక్కడే ఎండేసుకోవచ్చని ఆయన సిఫారసు చేస్తారు. గద్దలు లేస్తే మాత్రం ఆయన చేతిలో ఏమీ ఉండదు. ఎండేసే పనంతా ఏటి అవతలికి పోవాల్సిందే.

ఏటి అవతలి ఒడ్డు వేరే ఊరి ఆడవాళ్లది. అక్కడ కాలు పెడితే ఏమవుతుందో కొర్లమ్మకు బాగా తెలుసు. వాళ్లు ఇక్కడ కాలు పెడితే తను ఏం చేస్తుందో ఆమెకు తెలుసు కదా.

ఆయన వెళ్లాక ఆడవాళ్లంతా నా చుట్టూ కూర్చున్నారు. కొందరు వాటా వెయ్యడమే మానేద్దామన్నారు. కొర్లమ్మ ఒప్పుకోలేదు.

"ఇన్నేళ్లు పెట్టి ఇయ్యాల నోటికాడ కూడు తీసేస్తే ఊరుకుంతాయేటి? వలలు సింపీసి మరీ తింతాయి. ఎక్కడో దూరంగా పెడదాం. అక్కడికే పోతాయి."

పక్క పాక కొండమ్మ నవ్వింది. "గద్దలకి ఇల్లు మార్పిస్తన్నావా వదినా? సామాన్లు మోయడానికి ఆటో పిలవమంతావా?"

అందరూ నవ్వారు. కానీ ఆ మాటే ఖాయమైంది. ఊరికి ఉత్తరంగా, మొగలి పొదల వెనక ఇసక దిబ్బ ఒకటుంది. ఇళ్లు లేవు, పడవలు ఆగవు. పరీక్షకు ముందు చాలా రోజులు కొర్లమ్మ నన్ను అక్కడికే మోసింది. అక్కడే వాయించింది. గద్దలు నిజంగానే అక్కడికి మారిపోయాయి. ఊరి మీద ఆకాశం తుడిచినట్టయింది. అసిరినాయుడు గారు మళ్లీ వచ్చి తలెత్తి చూసి ఆశ్చర్యపోయారు.

"గద్దలేవమ్మా?"

"పంపించీసినాం బాబూ!"

ఆయన నవ్వారు, ఆమె నవ్వింది. ఎక్కడికి పంపావని ఆయన అడగలేదు. విమానం ఏ దారిన దిగుతుందని ఆమె అడగలేదు. ఊళ్లో అందరి లెక్క ఒకటే. రోడ్డు ఎయిర్‌పోర్టు గేటు వైపు నుంచి పోతుంది కాబట్టి విమానమూ అటు నుంచే వస్తుంది. జీవితమంతా సముద్రం మీద పడవ ఏ గాలికి ఎటు వస్తుందో చెప్పగలిగినవాళ్లు, విమానం కూడా ఎదురుగాలి చూసుకుని దిగుతుందని మాత్రం ఊహించలేదు.

ఆ రోజు పొద్దున్న పనులన్నీ సక్రమంగా జరిగాయి. వాటా దిబ్బ మీద పడింది. వలలు పరిచారు. నన్ను పాక ముందు బోర్లించి, మీద రాయి కూడా పెట్టారు, ఎవరి కాలైనా తగిలి మోగుతానేమోనని. గోడ అవతల మెట్ల స్టాండు ఎక్కి ఆఫీసర్లు నిలబడ్డారు. ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఆకాశం వైపు చూస్తున్నారు. ఉప్పు మంట పెడుతున్నా కొండమ్మ చేతులు కడుక్కోవడానికి లేవలేదు.

తెల్లటి చిన్న విమానం వచ్చింది. ఎత్తులోనే ఊరి మీద నుంచి పోయి, దూరంగా ఒక చుట్టు తిరగసాగింది. అందరూ ఊపిరి వదిలారు. అప్పుడు కొర్లమ్మ ఫోను మోగింది.

"అమ్మా, ఇయ్యాల వాటా ఎక్కడేసినావు?"

"దిబ్బ మీద. ఏటయిందే?"

"ఓలమ్మా! దిబ్బ మీంచే దిగుతాదంట! సముద్రం మీంచి వచ్చి, దిబ్బ మీంచే. ఇంజనీర్లు ఇప్పుడే సెప్పుకుంతన్నారు. ఈ సుట్టు తిరిగొచ్చి దిగిపోతాది!"

"నాయుడు బాబుకి సెప్పే!"

"సారు రన్‌వేకి అటేపున్నారు. నన్ను ఆ తలుపు దాటనివ్వట్లేదే అమ్మా..."

కొర్లమ్మ ఉత్తరం వైపు చూసింది. మొగలి పొదల మీద గద్దలు నల్లగా గిరికీలు కొడుతున్నాయి. కింద ఇంకా ఎన్నున్నాయో. అక్కడికి పరిగెత్తినా అందదు. అందినా, అదిలిస్తే అన్నీ ఒక్కసారిగా లేచి విమానానికే ఎదురుపోతాయి. ఆమె ఎదురుగా తన నెత్తళ్లు, ఊరందరి నెత్తళ్లు, వాటి మీద రాళ్లు పెట్టిన నీలం వలలు.

ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. నా మీది రాయి తీసి పారేసింది. నన్ను చంకనెత్తుకుని ఇసక మధ్యకు పోయి, తన వలను అంచు పట్టుకుని లాగి అవతల పడేసింది. ఎండిన చేపను కాళ్లతో కుప్పలు చేసింది. కర్ర దొరకలేదు. పిడికిలితో నన్ను వాయించడం మొదలుపెట్టింది.

"కొర్లమ్మొదినా! నీకు పిచ్చెక్కిందేటి!"

"ఆపే! మా కూడు మంటెట్టీకే!"

కొండమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది. కొర్లమ్మ విదిలించుకుంది. నా రేకు లోపలికి సొట్టలు పడుతోంది, ఆమె వేళ్లు చిట్లి నెత్తురు నా ఒంటి మీద బొమ్మకు అంటుతోంది. నేను నా బతుకులో ఎప్పుడూ అరవనంతగా అరిచాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

ముందు ఒకటి వచ్చింది. తర్వాత నాలుగు. తర్వాత దిబ్బ మీది ఆకాశం మొత్తం వాలి మా వైపు దొర్లుకొచ్చింది. గద్దల అరుపుల్లో నా చప్పుడు నాకే వినపడలేదు. రెక్కల నీడలు ఇసక మీద, ఆడవాళ్ల ముఖాల మీద, కొర్లమ్మ నెరిసిన జుట్టు మీద. అదే క్షణంలో సముద్రం మీద నుంచి తెల్ల విమానం కిందికి జారుతూ వచ్చింది. మొగలి పొదల మీద నుంచి పోయింది. అక్కడ ఒక్క రెక్క కూడా లేదు. గోడ అవతల టైర్లు నేలకు రాసుకున్న కీచుమనే చప్పుడు వినిపించాక గానీ కొర్లమ్మ చెయ్యి ఆగలేదు.

గోడ అవతలి ఆఫీసర్లు విమానాన్ని చూడ్డం లేదు. దుర్భిణులన్నీ మా ఇసక వైపే తిరిగి ఉన్నాయి.

ఆ సాయంత్రం అసిరినాయుడు గారు ఒక్కరే వచ్చారు. నీలవేణి ఆయనకు అంతా చెప్పింది. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఎక్కడికి పంపారని నేను అడగాల్సింది."

"నేను సెప్పాల్సింది బాబూ."

"పైవాళ్లకి జరిగింది జరిగినట్టు చెప్పానమ్మా. పిలిస్తే ఇన్ని గద్దలు వచ్చే చోటయితే మరీ ప్రమాదం అన్నారు." ఆయన గొంతు తగ్గింది. "వాళ్లన్నదీ అబద్ధం కాదు. నాకేం మాట్లాడాలో తెలియలేదు."

"తెలీకపోతే కూకోండి. టీ పెడతాను," అంది కొర్లమ్మ. చెయ్యికి కట్టిన గుడ్డ తడవకుండా ఎడం చేత్తోనే పెట్టింది.

ఇసక చుట్టూ కంచె వేశారు. ఎయిర్‌పోర్టు మొదలైంది. మంచే జరిగింది, కాదనను. చెరువుల రొయ్య ఐసు పెట్టెల్లో కూర్చుని ఢిల్లీ పోతోంది. ఊరి కుర్రాళ్లు కొందరు గార్డులయ్యారు, కొందరు టాక్సీలు తోలుతున్నారు. సన్యాసిరావు హోటలుకు ఏసీ వచ్చింది. నీలవేణి పని పర్మనెంటు అయింది. చేప ఎండేసే ఆడవాళ్లు మాత్రం ఆటోలు కట్టుకుని ఏటి అవతలికి పోయి, ఒడ్డు మీద జాగా కోసం రోజూ తిట్లు తిని, ఒకరొకరుగా మానేశారు. జీడిపిక్కల ఫ్యాక్టరీకి కొందరు, ఎవరి ఇళ్లలోనో అంట్లు తోమడానికి కొందరు. కొర్లమ్మ జరిగింది జరిగినట్టు చెప్పింది. సగంమంది నమ్మారు, సగంమంది నమ్మలేదు. నమ్మినవాళ్లకు కూడా పోయిన ఇసక పోయినట్టే కదా. కుళాయి దగ్గర ఆమె వస్తుంటే, "జరగండే, ఇమానం కొర్లమ్మొస్తంది" అని దారి ఇచ్చేవారు. ఆ దారి ఇవ్వడం మర్యాద కాదని అందరికీ తెలుసు. ఆమె బిందె నింపుకుని వెళ్లిపోయేది. విమానంలో ఆ రోజు కూర్చున్నవాళ్లకు ఈ సంగతి ఎప్పటికీ తెలియదు. తగలని గద్ద గురించి ఎవరికి మాత్రం ఏం తెలుస్తుంది?

కంచె వేసినవాళ్లు నన్ను ఎత్తుకెళ్లి నాలో రంగు కలుపుకున్నారు. పని అయ్యాక పాత ఇనుము కొట్టువాడికి పడేశారు. ఇప్పుడు ఎయిర్‌పోర్టు గోడ పక్కన, తుప్పు సైకిళ్లూ విరిగిన కుర్చీల మధ్య పడి ఉన్నాను. ఏదో ఒక రోజు లారీ వస్తుంది, నొక్కి ముద్ద చేస్తారు. దానికి నాకు బెంగ లేదు. రేకు మళ్లీ ఏదో ఒకటి అవుతుంది.

మీరు మాత్రం ఎప్పుడైనా మా వైపు వస్తారు. పెళ్లికో, పనికో, ఇంటర్వ్యూకో. విమానం సముద్రం మీదికి వంగుతుంది, బెల్టు పెట్టుకోమంటారు, కిటికీలోంచి మొగలి పొదలు కనిపిస్తాయి. ఆకాశంలో అడ్డం ఏమీ ఉండదు. అప్పుడు, టైర్లు నేలకు తగిలే లోపు, ఒక్కసారి మనసులో అనుకోండి: సూరాడ కొర్లమ్మ, మొగలిపాలెం. ఇంకేమీ చెయ్యక్కర్లేదు. ఆమెను గుర్తు పెట్టుకోండి చాలు.