మల్లె కుండీలో చోడి జావ

మా ఆయన వెంకటరమణమూర్తికి బరంపురంలో పట్టుచీరల దుకాణం. ఏ విషయమైనా ఆయన బుర్రలోకి దుకాణం గుమ్మం దాటుకునే వెళ్ళాలి. అందుకే ఆయనకు డెంగీ అని తేలిన రోజు, భువనేశ్వర్‌లో వైరస్‌ల మీద పరిశోధన చేసే మా అమ్మాయి ఇంద్రజ, ఆయన భాషలోనే ఫోన్లో చెప్పింది.

"నాన్నా, ఒంట్లో ప్రతి కణానికీ కావలివాళ్ళుంటారు. వైరస్ సరుకు కనబడితే ఇంటర్‌ఫెరాన్ అనే కబురు పంపిస్తారు. పక్క కణాలు షట్టర్లు దించీస్తాయి. లోపల పనివాళ్ళు వైరస్‌ని సంచిలో మూటకట్టి కరిగించీస్తారు. అది ఆటోఫాజీ. ఇద్దరూ ఒకళ్ళకొకళ్ళు సాయం."

"ఆ పనివాళ్ళు బాగా పనిసేసేది ఎప్పుడు?"

"మామూలుగా అయితే ఆకలేసినప్పుడు" అంది. ఆ తర్వాత అది చెప్పిందేదీ ఈయన చెవికెక్కలేదు.

దీనికంటూ మందు లేదని, ఒళ్ళే పోరాడుకోవాలని డాక్టరు అన్నాడు. కిందటేడు ఇదే జ్వరానికి మా ఎదురింటి గౌతమ్ పోయాడు. మా ఊరి అమ్మవారు ఠాకురాణి గుడి వైపు తిరిగి దండం పెట్టాను. ఏం మొక్కుకున్నానో ఎవరికీ చెప్పలేదు.

పూటపూటకీ చోడి జావ, అదే రాగి జావ, కాచి మంచం పక్కన పెట్టేదాన్ని. గిన్నె ఖాళీగా వచ్చేది. షుగరు బిళ్ళ కూడా మరవకుండా వేసుకునేవాడు.

ఆ మధ్యాహ్నం గదిలోకి వెళ్తే ఆయన చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. "అస్కా పార్టీకి సీరలు కట్టీసేరా?" అని నన్నే గుమస్తా అనుకుని అడుగుతున్నాడు. మాట ముద్దగా వస్తోంది. జ్వరం తలకెక్కింది, ఇక మనిషి దక్కడనుకున్నాను. ఇంద్రజకు ఫోన్ చేశాను.

"నాన్న ఏటి తిన్నారు?"

"జావ" అంటూ కిటికీలోంచి బయటికి చూశాను. మల్లె కుండీలో మట్టి కనబడడం లేదు. జావ గడ్డకట్టి, దాని మీద చీమలు పాకుతున్నాయి.

"ముందు షుగరు సూడమ్మా."

మెషిన్ మీద నలభై చిల్లర. షుగరు బాగా పడిపోయింది.

"మింగగలుగుతున్నారా? లేపి కూసోబెట్టి పంచదార నీళ్ళు పట్టు. అంబులెన్సుకి నేను ఫోన్ సేస్తాను."

సగం నీళ్ళు ఆయన గుండెల మీదే ఒలికాయి. మిగతావి గుటకలుగా లోపలికి దిగాయి. ఎంతసేపయిందో తెలీదు, "వసుధా" అన్నాడు. నా పేరు అంత బాగుంటుందని ఎప్పుడూ అనుకోలేదు. వెంటనే ఒళ్ళు మండిపోయింది.

"తిండి మానీసి బిళ్ళలు మింగుతారా? బుద్దుందా మీకు?"

అంబులెన్సుకి చెప్పి మళ్ళీ ఫోన్లోకి వచ్చిన ఇంద్రజ ఏడుస్తోంది. "సగమే విన్నారు నాన్నా. డెంగీ వైరస్ ఆ సంచుల్ని తన పనికి కూడా వాడీసుకుంటాది. పస్తుంటే పోతాదని నేను సెప్పలేదు. కావలివాళ్ళకీ తిండి కావాలి."

ఆయన పైకప్పు వైపు చూస్తూ అన్నాడు. "సచ్చిపోతానని భయమేసింది. మందు లేదన్నారు. నా సేతిలో ఉన్నది ఇదొక్కటే అనుకున్నాను."

జావ వేడి చేసి తెచ్చాను. ఆయన చెంచా పట్టుకుని, నా మొహం వైపు చూసి ఆగాడు.

"గోడ పట్టుకుని నడుస్తన్నావు. నువ్వెప్పుడు తిన్నావు?"

ఆయన జ్వరం తగ్గేదాకా ముద్ద ముట్టనని మొక్కుకున్నాను. ఆయన గిన్నె నా వైపు జరిపాడు.

అంబులెన్సు వచ్చేలోగా ఆ గిన్నెలోంచే ఇద్దరం తిన్నాం. చెంచా ఆయన పళ్ళకు తగిలి టకటకమంది. నా పళ్ళకూ అంతే.