నాలుగు లోపు

"క్యాన్సరేనమ్మా," అంటూ డాక్టరు బయాప్సీ కాగితం నా వైపు తిప్పారు. మామయ్యను బయట కుర్చీలో కూర్చోబెట్టి నేనొక్కదాన్నే లోపలికి వచ్చాను.

"అదెలా వస్తుందండీ! పీఎస్‌ఏ ఎప్పుడూ నాలుగు దాటలేదు. పరీక్ష చేసిందీ నేనే, నార్మల్ అని సంతకం పెట్టిందీ నేనే."

ప్రోస్టేట్ గ్రంథిలో తేడాను చూపే రక్తపరీక్ష అది, నాలుగు లోపుంటే నార్మల్ అంటాం. నా గొంతు పెరిగింది. పద్దెనిమిదేళ్లుగా ల్యాబులో పనిచేస్తున్నదాన్ని, నాకే పాఠాలా అని ఒళ్లు మండింది. మామయ్య మాటిమాటికీ బాత్రూముకు లేస్తున్నారని అత్తయ్య పోరితే తీసుకొచ్చాను, అంతే. ఈ డాక్టరు వేలితో చూసి, ప్రోస్టేట్ గట్టిగా తగులుతోందని ముక్క తీయించి పరీక్షకు పంపారు.

డాక్టరు విసుక్కోలేదు. "మీ మామగారిది భారీ ఒళ్లు, పైగా షుగరు. భారీ ఒంట్లో రక్తమూ ఎక్కువే, అందులో ఈ అంకె పలచబడి తక్కువగా కనిపించొచ్చు. చెంచా పంచదార గ్లాసులో వేస్తే ఒక తీపి, బిందెలో వేస్తే ఒక తీపి. సరే, పాత రిపోర్టులున్నాయా?"

ఫోనులో తీశాను. మూడేళ్లవి మూడు. 0.9, 1.8, 3.4. వాటిని పక్కపక్కన పెట్టి చూడటం నాకదే మొదటిసారి. ఏటేటా దాదాపు రెట్టింపు! ఏ ఏటికాయేడు నాలుగు లోపే కదా అని సంతకం గిలికి పారేశాను. ఊళ్లోవాళ్ల రక్తమంతా చూస్తాను, దీపం కిందే చీకటి.

"ఎముకలకు పాకిందో లేదో స్కాన్‌లో తెలుస్తుంది. పాకకపోతే నయం చేయొచ్చు," అన్నారు డాక్టరు. నాకు పాకిందేమో అన్న మాటే వినిపించింది.

బయటికొచ్చాను. మామయ్య దర్జీ. పాత కొలత పైకి చదవనిదే కొత్త కొలత తీయరు. "పోయినేడు ముప్పై ఆరు, ఇప్పుడు ముప్పై తొమ్మిది. అత్తారిల్లు బాగా పడ్డట్టుంది బాబూ," అని కొత్త అల్లుళ్లను ఏడిపిస్తారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ, ఈయన మాత్రం నా ల్యాబుకు తప్ప ఎక్కడికీ వెళ్లరు.

ఒళ్లో కొలతల పుస్తకం ఉంది. "డాక్టరుగారికి పనికొస్తుందేమోనని తెచ్చానమ్మా," అంటూ తన పేజీ తెరిచారు. నడుము నలభై, నలభై మూడు, నలభై ఆరు. ప్రతిదాని పక్కనా ఎర్ర పెన్సిల్‌తో నా రిపోర్టుల్లోని అంకెలు.

"మూడోది రాసినప్పుడు నిన్నడిగాను, గుర్తుందా? నడుముకన్నా ఇదే జోరుగా పెరుగుతోందేంటమ్మా అని."

గుర్తుంది. నేను పకపకా నవ్వాను కూడా. "మామయ్యా, గుడ్డ మీరు చూసుకోండి, రక్తం నేను చూసుకుంటా," అన్నాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది.

"చూసుకుంటానన్నావుగా, ఇక నేను పట్టించుకోలేదు," అన్నారాయన పుస్తకం మూస్తూ. "ఏమన్నాడు డాక్టరు? నాలుగు లోపేగా?"

పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను. సూదిపోట్లతో గరుకెక్కిన వేళ్లు.

"నేను చూసుకోలేదు మామయ్యా," అన్నాను.