తెలుగులోకి రాని పేరు

పొద్దున ఎనిమిదింటికి దవాఖానా వరండాలో కూర్చున్న చిన్నక్కకు పిలుపు వచ్చేసరికి ఒంటిగంట దాటింది. ఆశా కార్యకర్త ప్రమీల ఆమెను రెక్క పట్టి లేపింది. మనసు బాధలు వినే కౌన్సెలర్ ఖమ్మం నుంచి గురువారం ఒక్కరోజే వస్తుంది. మనిషికి ఇరవై నిమిషాలు. "లోపలికి ఒక్కరే రావలెను, మీ మాటలు బయటకు పోవు" అని తలుపు మీద రాసి పెట్టారు. మంచి మాటే. రాసింది మాత్రం తెలుగులో. చిన్నక్కకు వచ్చింది కోయ భాష ఒక్కటే. అందుకని ఆమె మాటను తెలుగులోకి మార్చి చెప్పడానికి ఆ రహస్యంలోకి ప్రమీల కూడా పోవాల్సి వచ్చింది.

కూతురు పోయిన నాలుగు నెలల నుంచి చిన్నక్క నోరు విప్పలేదు. గంజి పోస్తే తాగేది, లేకపోతే లేదు. గాలి సోకిందని గూడెమంతా అన్నా, దవాఖానాకే పోవాలని ప్రమీల పట్టుబట్టింది. ప్రమీల ఎంత మంచి పిల్లో అనుకున్నారు అందరూ.

"ఏం బాధో చెప్పమను" అంది కౌన్సెలర్ కళ్యాణి. మెత్తని మనిషి, తొందరపెట్టలేదు.

చిన్నక్క నేల చూస్తూనే కోయలో ఒక్కో మాటే చెప్పింది. ఆ రోజు పొద్దున్నే కూతురు కళావతికి నొప్పులు వచ్చాయి. అంబులెన్సు బండికి ఫోన్ చెయ్యమంటే ఈ ప్రమీలే, దుమ్ముగూడెంలో మీటింగ్ ఉంది, తొలికాన్పు కదా ఇంకా టైముంది, మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతా అంది. మధ్యాహ్నం ప్రమీల వచ్చేసరికి నెత్తురు ఆగకుండా పోతోంది. కళావతి పోయింది, కడుపులో బిడ్డా పోయింది.

ప్రమీల తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. మీటింగుకు రానివాళ్ల పేరు కొట్టేస్తామని పైవాళ్లు బెదిరించిన మాట నిజమే. కానీ ఆ నిజం చిన్నక్క ముందు చెప్పడానికి ఏ మొహం పెట్టుకుంటుంది!

"ఏమంటోంది?"

"నిద్ర పడ్తలేదంట మేడం. కన్ను మూస్తే ఎవరో పిలిచినట్టయితదంట. ఎన్నిసార్లు కడిగినా చేతులు నెత్తురు వాసనొస్తయంట." తెలియకుండానే ప్రమీల తన అరచేతులు ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఎవ్వరికీ చెప్పుకోలేదంట. మొగనికి గూడ."

చిన్నక్క మొగుడు చనిపోయి పదేళ్లు. ఆ సంగతి కళ్యాణికి తెలియదు. ఒకరి ఏడుపు చోట తన ఏడుపు పెడుతున్నానని ప్రమీలకు తెలుసు. ఛీ, ఎంత సిగ్గుమాలిన పని అనుకుంటూనే ఇంకో నాలుగు మాటలు చెప్పింది. చెబుతుంటే గుండె తేలికైంది, అందుకు ఇంకా సిగ్గేసింది.

కళ్యాణి అంతా రాసుకుంది. "ఈ చీటీ డాక్టరుగారికి చూపిస్తే నిద్రకు గోలీలు ఇస్తారు. వచ్చే గురువారం మళ్లీ రమ్మను."

చిన్నక్క చీటీ ముట్టలేదు. ప్రమీల వైపు తిరిగి కోయలో అడిగింది.

"ఇంతసేపు మాట్లాడినవ్. కళావతి అన్న మాట ఒక్కపాలి గూడ రాలే. తెలుగుల నా బిడ్డకు వేరే పేరున్నదా?"

ప్రమీల తన అరచేతులు కొంగులో దాచుకుంది.

"చేతులు వాసన చూసుకున్నది నువ్వు, నేను గాదు." చిన్నక్క చీటీని వేలితో ఆమె ముందుకు తోసింది. "ఇది నీది, తీస్కో. నాది ఇంకా చెప్పలే."

"ఏమైంది ప్రమీలా? బయట ఇంకా పదకొండు మంది ఉన్నారు."

సరే పోదాం పెద్దమ్మా అని లేస్తే అయిపోయేది. ఆ గదిలో జరిగింది అడిగేవాళ్లే లేరు. ప్రమీల సగం లేచి, మళ్లీ కూర్చుంది.

"మీరు రాసింది కొట్టేయుండ్రి మేడం. అది ఆమెది గాదు."

కళ్యాణి పెన్ను ఆపింది. "మరి ఎవరిది?"

"చెప్త." ప్రమీల తల ఎత్తలేకపోయింది. "ముందుగాల ఆమెది చెప్పనియ్యుండ్రి. ఆమె బిడ్డ పేరు కళావతి."

ఆ పేరు వినగానే చిన్నక్క తల ఊపింది. తర్వాతి మాట కోసం ప్రమీల నోటివైపే చూస్తూ కూర్చుంది.