ముక్కు కింద గొరిగిన చోట

వాష్‌బేసిన్ కడగడం ఆ ఇంట్లో ఎవరి పనీ కాదు కాబట్టి అది ఆమె పని. ఆ సోమవారం ఉదయం లాబ్‌కి బయల్దేరే హడావిడిలో బ్రష్షు పట్టుకుని వంగేసరికి, నీళ్లు పోయే కంత చుట్టూ నల్లటి వెంట్రుకలు అంటుకుని కనిపించాయి. గడ్డం గీసుకున్నాక మిగిలే నలుసులు ఆమెకు కొత్త కాదు. ఏళ్ల తరబడి ఎత్తిపోస్తున్నవే. ఇవి వాటికంటే పొడుగ్గా, కాస్త వంపు తిరిగి ఉన్నాయి. మీసం వెంట్రుకలు.

భర్త మీసం సంగతి అంతా ఇంతా కాదు. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి తీసేసి చూపించమని ముద్దుగా అడిగితే, మీసం లేని మొహం తనకే నచ్చదని కొట్టిపారేశాడు. జలుబు చేసి నానా అవస్థ పడ్డ రోజుల్లో కూడా దాని జోలికి పోలేదు. అలాంటిది నిన్న ఆదివారం ఆమె డ్యూటీ నుంచి వచ్చేసరికి, ముక్కుకి ఆనుకుని ఉన్నంత మేర నున్నగా గొరిగేసి ఉంది. పెదవి మీద మాత్రం సన్నటి గీతలా కాస్త మీసం మిగిలింది. బార్బర్ చెయ్యి జారిందన్నాడు ఫోన్లోంచి తలెత్తకుండా. పోనీలేరా, గడ్డిలాగా మళ్లీ వస్తుందిలే అని అత్తగారు ఓదార్చింది. చెయ్యి జారితే ఒక పక్కన పోతుంది గానీ, స్కేలు పెట్టి గీసినట్టు ఈ చివర నుంచి ఆ చివరకి పోతుందా అని ఆమెకు అనిపించింది. అనిపించినవన్నీ అడిగే అలవాటు ఆమెకు ఎప్పుడో పోయింది.

ఇప్పుడు ఆ బార్బర్ తమ బాత్రూమ్‌లోనే ఉన్నాడని తేలింది. ఆమెకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు మొహం మీదే ఆగిపోయింది. మిగతా మీసం ఉంచుకుని, ముక్కు కింద మాత్రమే గొరుక్కునేది ఎవరో ఆమెకు తెలుసు. ఎందుకు గొరుక్కుంటారో అతనికి చెప్పింది కూడా తనే.

రోజంతా జనం చేతుల్లో నరాలు వెతికి రక్తం తీసే ఉద్యోగం ఆమెది. లాబ్ పక్క వీధిలో ఈతకొలను ఉంది. అక్కడ పిల్లలకు ఈత నేర్పే ఆవిడను అందరూ డాల్ఫిన్ టీచర్ అంటారు. ఆవిడే పెద్దవాళ్లకు స్కూబా డైవింగ్ కూడా నేర్పుతుంది. ముందు కొలనులో పాఠాలు, అవన్నీ అయ్యాక పడవ మీద తీసుకెళ్లి సముద్రంలో దించడం. ఆమె ఆదివారాలు ఇళ్లకు వెళ్లి శాంపిల్స్ తెచ్చే అదనపు డ్యూటీ ఒప్పుకుని ఆ ఫీజు కట్టింది. చేపల్ని చూడాలంటే మార్కెట్‌కి వెళ్తే సరిపోతుందిగా అని భర్త జోకేశాడు. ఆ జోకు అతనికి ఎంత నచ్చిందంటే, ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ వినిపించాడు.

సామాను కొనే దగ్గర డాల్ఫిన్ టీచర్ ముందే హెచ్చరించింది. షాపువాడు అన్నీ అంటగట్టాలని చూస్తాడు, లొంగొద్దు. సిలిండరు, గాలి గొట్టం, జాకెట్టు, సూటు, అన్నీ అద్దెకు దొరుకుతాయి. కాళ్లకు తొడిగే రెక్కలు ఎవరో వాడినవైనా పర్వాలేదు. కళ్లనీ ముక్కునీ కప్పే మాస్కు మాత్రం కొత్తది, సొంతది కొనుక్కోవాలి. ఖరీదు చూడకండి, రంగు చూడకండి, మీ మొహానికి అతుకుతుందో లేదో చూడండి. పట్టీ తగిలించకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చండి, చేతులు వదిలేసినా పడిపోకపోతే అది మీది. ఆమె షాపులో అద్దం ముందు నిలబడి అలా ఎన్ని మాస్కులు పెట్టి తీసిందో! ఖరీదైనవన్నీ జారిపోయాయి. మూలన దుమ్ము పట్టి ఉన్న మామూలు నల్ల మాస్కు టక్కున అతుక్కుంది. ఇది చిన్న మొహాల సైజమ్మా, ఎవరూ అడగరు అంటూ షాపువాడు ధర తగ్గించాడు కూడా. తన కొలతకు సరిపోయే వస్తువు ఒకటి లోకంలో తన కోసమే ఎదురుచూస్తూ ఉందని ఆమె ఆ రోజు చిన్నపిల్లలా పొంగిపోయింది. ఇంటికొచ్చి, ఆవిరి పట్టకుండా ఉండాలని లోపలి అద్దాన్ని టూత్‌పేస్టుతో రుద్దుతుంటే, పళ్లకు లేని భోగం దీనికా అని అత్తగారు నవ్వింది.

ఆమె సంతోషమంతా ఒక ఎత్తు, ఆ తర్వాత ఒక సాయంత్రం భర్త వంటగదిలోకి వచ్చి అడిగిన ప్రశ్న ఒక ఎత్తు.

"మాస్కులోకి నీళ్లెందుకు వస్తాయే?"

ఇన్నేళ్లలో ఆమెకు సంబంధించిన విషయం ఏదైనా అతనంతట అతను అడగడం అదే మొదలు. ఆమె పొయ్యి కట్టేసింది. చెయ్యి తుడుచుకుని ఎదురుగా కూర్చుని, పాఠం చెప్పినట్టు చెప్పింది. చర్మానికీ రబ్బరుకీ మధ్య వెంట్రుకలు అడ్డం వస్తే నీళ్లు దూరతాయనీ, అందుకే మీసాలవాళ్లు ముక్కు కింద కాస్త గొరుక్కుంటారనీ చెప్పింది. అసలు ముఖ్యమైంది సైజు అని ఇంకా ఏదో చెప్పబోతుంటే అతనికి ఫోనొచ్చింది, లేచి వెళ్లిపోయాడు. అయినా ఆమె ఆ రాత్రంతా ఆ ప్రశ్ననే తలుచుకుని మురిసిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లంతా చీదరగా ఉంది.

ఎందుకంటే ఆ సాయంత్రానికి ముందే ఆమె సముద్రాన్ని వదులుకుంది. అత్తగారి మోకాలి ఆపరేషన్ సరిగ్గా పడవ బయల్దేరే వారంలోనే పడింది. భర్తకు ఆ వారమే ఆఫీసు క్యాంపట, తప్పదట. "నువ్వు లేకపోతే అమ్మ దగ్గర ఎవరుంటారు చెప్పు? సముద్రం ఎక్కడికీ పోదుగా," అన్నాడు. టీచర్‌తో తను మాట్లాడి పై సీజన్‌కి మార్పిస్తానన్నాడు. పాపం, తన కోసం ఆ మాత్రం శ్రమ తీసుకుంటున్నాడని ఆమె కృతజ్ఞత కూడా చెప్పుకుంది.

బేసిన్ అలాగే వదిలేసి గదిలోకి వెళ్లింది. క్యాంపుకని అతని సూట్‌కేసు నిన్ననే సర్దిపెట్టింది తను. చొక్కాల మడతల కింద చెయ్యి పెడితే, తను పెట్టని వస్తువు ఒకటి బనియన్‌లో చుట్టి ఉంది. విప్పి చూసింది. తన నల్ల మాస్కు.

ఆమె మంచం మీద కూర్చుని డాల్ఫిన్ టీచర్‌కి ఫోన్ చేసింది. ఆవిడ గొంతులో జాలి.

"మీకు భయమేసిందని సార్ చెప్పారండీ. సముద్రమనేసరికి చాలామందికి అలాగే అవుతుంది, సిగ్గుపడకండి. సీటు వృథా పోకూడదని సార్ తనే వస్తానన్నారు. పాఠాలు లేని కొత్తవాళ్లని పట్టుకుని ఒక్కసారి దించుతాం కదా, అలా. ఆఫీసులో వారం సెలవు కూడా దొరికిందట."

మోసం చేసినందుకు కాదు ఆమెకు ముందు మండింది. భయమేసిందన్న మాటకు. సీటు తీసుకున్నాడు సరే, మాస్కు తీసుకున్నాడు సరే, తనకు ధైర్యమే లేదని ఊళ్లో చాటాడే! కొలను అడుగున మొదటిసారి కూర్చుని, మాస్కులోకి కావాలని నీళ్లు నింపుకుని, ముక్కుతో ఊది వాటిని బయటికి తోసిన మనిషి తను. ఆ రోజు ఇంటికొచ్చి చెబితే, కూరలో ఉప్పెక్కువైందన్నాడు.

"నాకేం భయం లేదు టీచర్‌గారూ. నా సీటు నాకుందా?"

"మీరు కట్టిన సీటు, మీకు కాక ఇంకెవరికి?" అందావిడ.

ఫోన్ పెట్టేసి ఆమె అద్దం ముందుకు వెళ్లింది. మాస్కు మొహానికి ఆనించి, ముక్కుతో గాలి పీల్చి, చేతులు వదిలేసింది. కదల్లేదు. అతను మీసం మొత్తం తీసేసి, గుండు కొట్టించుకున్నా ఇది అతని మొహానికి అతకదు. సగం విని లేచిపోయిన మనిషికి ఆ సంగతెలా తెలుస్తుంది? మాస్కుని తన బ్యాగులో పెట్టుకుని, బేసిన్‌లో వెంట్రుకలు ఉన్నవి ఉన్నట్టే వదిలేసి డ్యూటీకి వెళ్లిపోయింది.

సాయంత్రం ముగ్గురూ భోజనాలకు కూర్చున్నారు. అత్తగారికి ఆపరేషన్ దగ్గరపడేకొద్దీ బెంగ ఎక్కువైంది. కంచంలో అన్నం కెలుకుతూ, ఆసుపత్రిలో కళ్లు తెరిచేసరికి ఎవరూ కనపడకపోతే తన ప్రాణం అక్కడే పోతుందంది. "నువ్వుంటావుగా అమ్మాయ్ నా దగ్గర?" అని అడిగింది.

"నేను ఊళ్లో ఉండనత్తయ్యా, పడవెక్కుతున్నాను," అంది ఆమె, మజ్జిగ గిన్నె ఆవిడ వైపు జరుపుతూ. "మీ అబ్బాయి ఉంటారు. క్యాంపు లేదు, ఏమీ లేదు. ఆ వారమంతా సెలవు పెట్టేశారు. మీకింకా చెప్పలేదా?"

అతను తలెత్తాడు. నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆమె అతని కళ్లలోకే చూస్తూ కూర్చుంది.

ముసలావిడ కళ్లు చెమ్మగిల్లాయి. ఎంగిలి చెయ్యి అలాగే ఉంచి, రెండో చేత్తో కొడుకు భుజం నిమిరింది.

"నా కోసం సెలవు పెట్టావట్రా నాన్నా?"

అతని చెయ్యి ముక్కు కింద గొరిగిన చోటికి వెళ్లి, అక్కడే ఆగింది.

"అవునమ్మా," అన్నాడు.